చలి గీసిన గీత: జేజూ సముద్ర స్త్రీల నూలు ఉడుపు, రబ్బరు ఉడుపు

చల్లని నీటిలో మునిగేవారి ఉడుపును నేడు మిల్లీమీటర్లలో కొలుస్తారు. నులివెచ్చని సముద్రానికి 3 మిల్లీమీటర్ల మందం చాలుననీ, నీరు చల్లబడిన కొద్దీ 5, ఆపైన 7 మిల్లీమీటర్ల మందం కావాలనీ ఈ విద్య నేర్పేవారు తొలి పాఠంలోనే చెబుతారు. విశాఖపట్నం తీరంలో స్కూబా నేర్చుకునే తెలుగువారికి ఆ మందపాటి సూటుతో పని పడదు. బంగాళాఖాతపు నీరు అక్కడ ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది. కొరియా ద్వీపకల్పానికి దక్షిణాన ఉన్న జేజూ ద్వీపం పరిస్థితి వేరు. శీతకాలంలో దాని చుట్టూ ఉన్న సముద్రం 15 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పోతుంది, ఉత్తరాన పూసాన్ తీరంలో అది 10 డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ నీటిలో గాలి తొట్టె లేకుండా, కేవలం ఊపిరి బిగబట్టి, శతాబ్దాలుగా గుల్లలు ఏరుతూ వచ్చిన స్త్రీలు 1970ల దాకా ఒంటి మీద నూలుబట్టతోనే దిగారు. ఆ దశకంలో వారు మందపాటి రబ్బరు ఉడుపును స్వీకరించారు. ఒక ఉడుపు మారితే ఒక వృత్తి కాలమానమూ, ఊరి కట్టుబాటూ, చివరికి ఆ మనుషుల శరీర ధర్మమూ ఎంతగా మారుతాయో ఇంత స్పష్టంగా కనబడే చోటు ప్రపంచంలో మరొకటి దొరకడం అరుదు.

ఈ స్త్రీలను హెన్యోలు అంటారు. ఆ మాటకు సముద్ర స్త్రీ అని అర్థం. జేజూ పాత వాడుకలో వారిని జమ్‌న్యో, అంటే మునిగే స్త్రీ, అని పిలిచేవారు. వారు చేసే పనిని ముల్‌జిల్, అంటే నీటిపని, అన్నారు. రాజాస్థానానికి అబలోన్ అనే విలువైన గుల్లను కప్పంగా పంపవలసిన బాధ్యత జేజూ మీద ఉండేది. తొలుత దానిని లోతుల నుంచి తెచ్చినది పోజాక్ అనే పురుషులు. కప్పపు భారం మోయలేక వారు ద్వీపం విడిచి పారిపోవడం ఎక్కువైంది. 1629లో కొరియాను ఏలుతున్న జోసన్ ప్రభుత్వం ద్వీపవాసులెవరూ బయటికి పోరాదని నిషేధం విధించింది, అది దాదాపు రెండు వందల ఏళ్లు కొనసాగింది. తగ్గిపోయిన పురుషుల స్థానంలో కప్పపు గుల్లలు తెచ్చే పని స్త్రీల మీద పడింది. ఆ కాలంలోనే జేజూకు ప్రవాస శిక్షపై వచ్చిన రాజవంశీయుడు యీ గొన్ తన రచనలో ఈ స్త్రీల కష్టాన్ని నమోదు చేశాడు. 1702లో ద్వీపాన్ని పర్యటించిన పాలకుడు యీ హ్యోంగ్‌సాంగ్ గీయించిన తమ్నా సుల్యొక్‌దో అనే చిత్రసంపుటిలో, యోంగ్‌దువామ్ అనే తీరపు బండ దగ్గర నీటిలో పని చేస్తున్న ఈ స్త్రీల చిత్రం ఉంది. కనుక చలినీటిలో మునగడం వారికి మొదటినుంచీ సాహసం కోసమో సరదా కోసమో వచ్చినది కాదు. పన్ను కట్టడానికి పుట్టిన పని, తరువాత ఇల్లు నడిపే పని అయింది.

ఆ పనికి వారు తొడిగిన బట్ట పేరు ముల్‌సోజుంగి. నూలుబట్టతో ప్రతి స్త్రీ తనకు తానే కుట్టుకునే ఈ ఉడుపును దగ్గరగా చూస్తే దాని వెనుక ఎంత అనుభవం ఉందో తెలుస్తుంది. ఒక భుజం మీదుగా మాత్రమే పట్టీ పోతుంది. ఒక పక్క నడుము దాకా తెరిచి ఉంటుంది, ఆ తెరపిని బట్టనే పేని ముడివేసి చేసిన గుండీలతో బిగిస్తారు. ఒళ్లు పెరిగినా, తగ్గినా, గర్భవతి అయినా గుండీలు జరుపుకొని అదే ఉడుపును వాడవచ్చు. ప్రసవానికి కొద్ది రోజుల ముందు దాకా నీటిలోకి దిగిన స్త్రీలు ఉన్న ఆ సమాజంలో ఇది చిన్న సౌకర్యం కాదు. తడిసి ఒంటికి అతుక్కున్న బట్టను చలికి కొంకర్లు పోయిన వేళ్లతో కూడా పక్క నుంచి విప్పవచ్చు. ఇంత ఆలోచనతో కుట్టిన ఆ ఉడుపు చేయలేనిదల్లా ఒక్కటే, ఒంటి వేడిని ఆపడం. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది, తడిసిన నూలు దానికి ఏ అడ్డూ చెప్పలేదు.

వేడిని కాపాడే బాధ్యత అందువల్ల ఉడుపు మీద కాక ఒడ్డు మీద ఉండేది. ప్రతి తీరగ్రామంలోనూ నల్లని అగ్నిపర్వత శిలలను గుండ్రంగా, మనిషి ఎత్తున పేర్చి, పైకప్పు లేకుండా కట్టిన ఆవరణలు ఉండేవి. వాటిని పుల్‌తొక్ అంటారు. గాలి చొరకుండా గోడలు అడ్డుకుంటే నడిమధ్య మంట మండేది. స్త్రీలు ఇంటి నుంచి కట్టెలు మోసుకొని వచ్చి, అక్కడే బట్టలు మార్చుకొని, కొంతసేపు మునిగి, వణుకుతూ వచ్చి చలి కాచుకొని, మళ్లీ దిగేవారు. నేర్పును బట్టి హెన్యోలలో మూడు అంతరాలు ఉన్నాయి: ఎక్కువ లోతుకు పోగలిగిన సాంగున్‌లు, మధ్యస్థులైన జుంగున్‌లు, ఒడ్డుకు దగ్గరగా పని చేసే హాగున్‌లు. మంట చుట్టూ పొగ తగలని వైపు సాంగున్‌లకు దక్కేది. చంటిపిల్లలకు పాలిచ్చింది, కొత్తవారికి అడుగు బండల ఉనికి చెప్పింది, ఏ రోజు ఏ తీరం తెరవాలో తేల్చింది అంతా అక్కడే. చలి ఆ స్త్రీలను గంటకోసారి ఒకచోట కూర్చోబెట్టేది, ఆ కూర్చోవడమే వారి పాఠశాల, వారి పంచాయతీ.

నూలు ఉడుపు కాలపు చివరి సంవత్సరాలలో ఈ శరీరాలను శాస్త్రజ్ఞులు పరిశీలించడం చరిత్రకు కలిసివచ్చిన అదృష్టం. సియోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయానికి చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు హోంగ్ సుక్‌కీ, అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయానికి చెందిన హెర్మన్ రాన్ 1960లలో ఈ పరిశోధనను నడిపించారు. 1967లో వారిద్దరూ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసం దానిని లోకానికి తెలిపింది. వారు పరిశీలించిన స్త్రీలు ఎక్కువగా పూసాన్ ప్రాంతపు నీటిలో పని చేసేవారు. వేసవిలో గంటసేపైనా నీటిలో నిలవగలిగిన ఆ స్త్రీలు శీతకాలంలో అరగంట కూడా నిలవకుండానే ఒడ్డెక్కేవారు. రెండు కాలాలలోనూ వారు పని ఆపేది శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల దగ్గరకు దిగినప్పుడే. గడియారం లేకుండానే ఒకే గుర్తు దగ్గర ఆగే ఆ క్రమశిక్షణను చలే నేర్పింది. నీటిపని వల్ల రోజుకు సుమారు 1,000 కిలోకెలోరీల శక్తి అదనంగా ఖర్చయ్యేది, దానిని పూడ్చడానికి తోటి స్త్రీలు 2,000 కిలోకెలోరీల ఆహారం తింటుంటే వీరు 3,000 దాకా తినేవారు. ఏ పనీ చేయకుండా ఉన్నపుడు కూడా ప్రాణం నిలుపుకోవడానికి శరీరం కాల్చే కనీస శక్తిని ఆధార జీవక్రియ రేటు అంటారు. శీతకాలంలో హెన్యోలలో ఆ రేటు మామూలు స్త్రీల కంటే దాదాపు 30 శాతం ఎక్కువగా కనబడింది. తోటివారికి వణుకు పుట్టించే నీటిలో వీరికి వణుకు రాలేదు. కొవ్వు ఎక్కువై ఇలా జరిగిందనుకోవడానికి వీలు లేదు, వీరు బక్కపలుచని మనుషులే. అంతే కొవ్వు ఉన్న ఇతర స్త్రీల కంటే వీరి కండలూ చర్మమూ వేడిని బాగా పట్టి ఉంచేవి. ఏళ్ల తరబడి చలిలో మునిగిన శరీరం తానే ఒక ఉడుపును అల్లుకున్నదని చెబితే అది అలంకారం కాదు, కొలిచి తేల్చిన సంగతి.

ఇదే కాలంలో పసిఫిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున మరొక ఉడుపు తయారై ఉంది. దాని మూలపదార్థమైన నియోప్రీన్ ఒక కృత్రిమ రబ్బరు. డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ పర్యవేక్షించిన ప్రయోగశాలలో 1930లో అది పుట్టింది, మరుసటి ఏడు లోకానికి ప్రకటితమైంది. దానిని మునకకు పనికివచ్చే ఉడుపుగా ఊహించినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పని చేసిన భౌతిక శాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్. అణుబాంబు పథకంలో లాస్ అలమోస్‌లో పని చేసి వచ్చిన బ్రాడ్నర్, 1950ల తొలి ఏళ్లలో అమెరికా నౌకాదళపు మునకదళాల కోసం చలికి తట్టుకునే ఉడుపు గురించి ఆలోచించాడు. అప్పటిదాకా అందరి లక్ష్యం నీరు చొరకుండా చేయడమే. పొడి ఉడుపులో ఎక్కడ చిన్న చిరుగు పడినా లోపలి ఉన్నిబట్ట తడిసి మనిషి వణికిపోయేవాడు. బ్రాడ్నర్ 1951 నాటి ఉత్తరాలలో ఈ మూలసూత్రాన్నే మార్చాడు: ఉడుపు గుడ్డలోనే గాలిని బంధించగలిగితే మనిషి తడిసినా నష్టం లేదు. ఆ గాలిని బంధించడానికి నురుగులా పొంగించిన నియోప్రీన్ పనికివస్తుందని సూచించినవాడు ఆయన సహచరుడు, సముద్ర శాస్త్రజ్ఞుడు విలార్డ్ బాస్కమ్.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం, ఎందుకంటే మందం ఎంపిక అంతా దీని మీదే ఆధారపడి ఉంది. సూటులోకి వచ్చిన పలుచని నీటిపొర ఒంటివేడికి కాగి మనిషిని వెచ్చగా ఉంచుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి వెచ్చదనమంతా ఆ రబ్బరులో ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకొని ఉన్న లక్షలాది సూక్ష్మమైన బుడగలలోని వాయువుది. నీటిపొర కదలకుండా ఉన్నంతవరకే క్షేమం. వదులు సూటులో మనిషి ఒంగినపుడల్లా కాగిన నీరు పోయి చల్లని నీరు చేరితే ఎంత మందం ఉన్నా వృథా. మందం పెరిగితే బుడగలు పెరుగుతాయి, వెచ్చదనం పెరుగుతుంది. బుడగలతో పాటు తేలే గుణమూ పెరుగుతుంది కనుక మునగడానికి నడుముకు సీసం కట్టుకోవలసి వస్తుంది. 10 మీటర్ల లోతుకు పోతే ఒత్తిడి రెట్టింపై బుడగలలోని వాయువు సగానికి కుంచించుకుపోతుంది, సూటు పలచబడుతుంది, అంటే వెచ్చదనం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది తగ్గుతుంది. ఈ లోపానికి నేటికీ పూర్తి విరుగుడు లేదు.

బ్రాడ్నర్ తన ఉడుపుకు పేటెంట్ తీసుకోలేదు. బుడగలు శత్రువుల సోనార్‌కు, అంటే ధ్వనితరంగాలతో నీటిలోని వస్తువులను పసిగట్టే సాధనానికి, దొరికిపోతాయేమోనని నౌకాదళమూ మొదట వెనుకాడింది. ఆ లోటును కాలిఫోర్నియా తీరపు దుకాణదారులు భర్తీ చేశారు: శాన్‌ఫ్రాన్సిస్కోలో 1952లో సర్ఫ్ దుకాణం తెరిచిన జాక్ ఓనీల్, రెడాండో బీచ్‌లో మెయిస్ట్రెల్ కవల సోదరులు బాబ్, బిల్ ఈ సూటును సామాన్యుల చేతికి అందించారు. తొలినాటి వట్టి రబ్బరు సూటులోకి ఒళ్లు దూర్చాలంటే పొడి చల్లుకోవలసి వచ్చేది, గోరు తగిలితే చిరిగేది. తరువాత లోపలివైపు నైలాన్ అస్తరు అతికించడంతో అది రోజువారీ పనికి తట్టుకునే వస్తువైంది.

జపాన్‌లో హెన్యోల వంటి వృత్తే చేసే స్త్రీలను అమా అంటారు. వారికి ఈ సూటు 1960లలో అందింది. ఎక్కువసేపు నీటిలో ఉంటే తీరం ఖాళీ అవుతుందని భయపడిన కొన్ని గ్రామాలు ఇంటికి ఒక్క సూటు చొప్పున మాత్రమే అనుమతించాయి. జపాన్‌తో ఉన్న రాకపోకల ద్వారానే 1970ల ఆరంభంలో అది జేజూకు చేరింది. హెన్యోలు దానిని గోముఒత్, అంటే రబ్బరు బట్టలు, అన్నారు. చూడగానే అందరూ దానిని కౌగిలించుకోలేదు. ఖరీదు ఎక్కువ; కొన్నవారు కొననివారి కంటే ఎక్కువసేపు నీటిలో ఉండి ఎక్కువ తెచ్చుకుంటే, ఒకే తీరాన్ని ఉమ్మడిగా పంచుకునే ఊళ్లో తగవు రాక మానదు. అయినా శీతకాలపు నీటిలో అరగంటకు బదులు మూడు నాలుగు గంటలు నిలవగలగడం అనే వాస్తవం ముందు ఏ అభ్యంతరమూ ఎక్కువ కాలం నిలవలేదు. జపాన్‌కు ఎగుమతి అయ్యే సోరా అనే నత్తగుల్లకు మంచి ధర పలుకుతున్న రోజులవి. దశాబ్దం గడిచేసరికి ముల్‌సోజుంగి పెట్టె అడుగుకు చేరింది.

మార్పు ఒక్క గంటల లెక్కతో ఆగలేదు. సూటు తేల్చివేస్తుంది కనుక నడుముకు సీసపు దిమ్మల పట్టీ వచ్చింది. ఆ పట్టీ తలకిందులుగా దిగడాన్ని సులువు చేసింది, పైకి రావడాన్ని కష్టం చేసింది, రోజూ నడుము మీద మోసిన ఆ బరువు ముసలితనంలో వెన్నునొప్పిగా మిగిలింది. గంటల తరబడి వందలసార్లు మునిగి తేలడంతో తలనొప్పులు పెరిగి, నీటికి పోయేముందు నొప్పి మాత్రో పొడో మింగడం చాలామందికి అలవాటైంది. చలి పని ఆపమని చెప్పే రోజులలో శరీరానికి దొరికిన విరామం ఇప్పుడు దొరకలేదు. అలసట మాత్రమే ఆపాలి, అలసటను మనిషి చలి కంటే తేలికగా వాయిదా వేసుకుంటాడు. రబ్బరును ఉప్పు తినివేయకుండా మంచినీటితో కడగాలి కనుక వేడినీటి స్నానపు గదులున్న సిమెంటు విశ్రాంతి గృహాలు పుట్టాయి, పుల్‌తొక్‌లలో మంట ఆరిపోయింది. ఈ మార్పును కేవలం సౌకర్యంగా లెక్కగట్టే రచనలు ఉన్నాయి. వణుకు తగ్గడం ఎంత గొప్ప ఉపశమనమో ఆ స్త్రీలకే తెలుసు, దానిని తక్కువ చేయడం అన్యాయం. కాని మంట చుట్టూ కూర్చోవలసిన అవసరం పోవడంతో పోయినది కూడా లెక్కలోకి రావాలి.

శరీరంలో జరిగినదానికి మాత్రం కొలతలే సాక్ష్యం. పూసాన్ ప్రాంతపు హెన్యోలు 1977 ప్రాంతంలో రబ్బరు సూటుకు మారారు. హోంగ్, ఆయన సహచర పరిశోధకులు 1980 నుంచి కొన్నేళ్ల పాటు వారిని మళ్లీ పరీక్షించారు. శీతకాలంలో ఆధార జీవక్రియ రేటు పెరిగే గుణం అప్పటికే మాయమై, వారి కొలతలు ఇతర స్త్రీల కొలతలతో సమానమయ్యాయి. వణుకును ఆలస్యం చేసే శక్తి మరికొన్ని ఏళ్లు మందకొడిగా మిగిలి, అదీ తగ్గిపోయింది. ముఖం, చేతులు నీటికి ఇంకా తగులుతూనే ఉన్నా, చల్లని నీటిలో చేతుల రక్తనాళాలు ఎక్కువగా ముడుచుకొని వేడిని కాపాడే ప్రత్యేక స్పందన కూడా నిలవలేదు. తరతరాలుగా వచ్చినదని లోకం అనుకున్న ఆ శక్తి ప్రతి స్త్రీ తన జీవితకాలంలో చలితో సంపాదించుకొన్నదే అనీ, చలి తగలకపోతే నాలుగైదేళ్లలో శరీరం దానిని విడిచిపెడుతుందనీ ఇలా తేలింది. ఒక మానవ సమూహం చలికి అలవాటు పడటాన్నీ, ఆ అలవాటును పోగొట్టుకోవడాన్నీ ఒకే పరిశోధకుడు ముందూ వెనుకా కొలవగలగడం శరీరధర్మ శాస్త్రంలో అపురూపమైన సందర్భం.

మనుషుల సంఖ్య విషయంలో సూటు చేసిన మేలు వేరే రూపంలో కనిపిస్తుంది. 1960ల మధ్యలో జేజూలో దాదాపు 23,000 మంది హెన్యోలు ఉండగా, 1970 నాటికి వారు 14,000కు తగ్గారు. నారింజ తోటలు, పర్యాటకం, ఆడపిల్లల చదువు కొత్త బతుకుదారులు చూపాయి. నేడు మిగిలినది మూడు వేల లోపు, వారిలో ఎక్కువమంది అరవై దాటినవారు, డెబ్బై ఎనభైలలో ఉన్నవారూ తక్కువేమీ కాదు. నూలుబట్టతో ఆ వయసులో శీతకాలపు నీటికి పోవడం సాధ్యం కాదు. 2016లో యునెస్కో జేజూ హెన్యోల సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చే నాటికి ఆ సంస్కృతి సజీవంగా ఉండడానికి మందపాటి రబ్బరు కూడా ఒక కారణం.

ఇప్పటి హెన్యో సూటును కొనేటప్పుడు ఎంచేది బిగువును, మందాన్ని, బరువును కలిపి. ద్వీపంలోనే కొలతలు తీసుకొని కుట్టే దుకాణాలు ఉన్నాయి. రొమ్ము దాకా వచ్చే లాగు ఒకటి, తల కప్పే టోపీతో కలిసిన పైచొక్కా ఒకటి, ఇలా రెండు ముక్కలుగా కుట్టడం వల్ల కడుపు, నడుము భాగంలో రెండు పొరలు పడి వేడి ఎక్కువగా పోయే చోటే మందం రెట్టింపవుతుంది. బిగుతు మితిమీరితే ఊపిరి నిండుగా పీల్చడానికి రొమ్ము విప్పారదు. ఊపిరే పెట్టుబడి అయిన వృత్తిలో అది వదులు సూటు కంటే పెద్ద నష్టం. వేసవికి పలుచనిది, శీతకాలానికి మందమైనది వేర్వేరుగా ఉంచుకునేవారు మందం మారినపుడల్లా సీసపు దిమ్మల లెక్కనూ సరిచేసుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ బుడగలు అణగి సూటు చలి పట్టడం మొదలవుతుంది, మళ్లీ కొత్తది కుట్టించుకోవలసిందే. ఈ ఖర్చులో కొంత ప్రాంతీయ ప్రభుత్వం భరిస్తుంది. నల్ల సూటు అలలలో కనబడదు కనుక ప్రమాదాలు తగ్గించడానికి నారింజరంగు సూట్లూ వచ్చాయి. ముఖానికి పెట్టుకునే అద్దం మసకబారకుండా మాచిపత్రి జాతి ఆకును నలిపి రుద్దే పాత పద్ధతి మాత్రం మారలేదు.

బ్రాడ్నర్ ఊహించిన సూటు గాలి తొట్టెతో మునిగేవారి కోసం పుట్టింది. జేజూ స్త్రీలు సూటును తీసుకొని తొట్టెను నిరాకరించారు. ఓచోన్‌గ్యే అనే గ్రామ మత్స్య సంఘాలు తమ తీరంలో ఊపిరి బిగబట్టి తప్ప గుల్లలు తీయరాదని కట్టడి చేశాయి. చలి ఒకప్పుడు తానే గీసిన గీతను ఇప్పుడు సంఘం గీయవలసి వచ్చింది: ఏ రోజున తీరం తెరవాలో, ఎన్ని గంటలకు అందరూ ఒడ్డెక్కాలో సభలో తేలుస్తారు, గుడ్లు పెట్టే కాలంలో ఆయా జాతులను ముట్టరు, అబలోన్ 10 సెంటీమీటర్లు, సోరా 7 సెంటీమీటర్లు పెరిగితేనే తీస్తారు. మధ్యాహ్నం వలసంచులు ఒడ్డున కుమ్మరించి గుల్లలు ఏరేటపుడు ఆ కొలతకు అందనిది ఏదైనా బయటపడితే దానిని తిరిగి నీటిలో వదిలివేస్తారు.